నడుము నొప్పికి డిగ్రీల లెక్క: అమెరికా మాజీ సైనికుల వైకల్య పరీక్ష వెనుక కథ

సైన్యంలో పనిచేసిన కాలంలో నడుము దెబ్బతిన్నదని పరిహారం కోరిన మాజీ సైనికుడిని అమెరికాలో వెటరన్స్ అఫైర్స్ శాఖ ఒక వైద్య పరీక్షకు పంపుతుంది. వాడుకలో సీ అండ్ పీ (కాంపెన్సేషన్ అండ్ పెన్షన్) ఎగ్జామ్ అనే ఈ పరీక్షలో చికిత్స ఉండదు, మందుల చీటీ రాయరు. నిలబెట్టి ముందుకు వంగమంటారు, వెనక్కి వాలమంటారు, రెండు పక్కలకూ ఒరగమంటారు, నడుము తిప్పమంటారు. కోణాలు కొలిచే గోనియోమీటర్ పెట్టి ఏ కదలిక ఎన్ని డిగ్రీల దగ్గర ఆగిందో, నొప్పి ఎక్కడ మొదలైందో రాసుకుంటారు. వైకల్యం ఎంత శాతమో (దీన్నే రేటింగ్ అంటారు) నిర్ణయించేది పరీక్ష చేసినవారు కాదు, వారు నింపిన ఫారాన్ని రేటింగ్ పట్టికతో సరిచూసే శాఖ ఉద్యోగి. నెలనెలా అందే సొమ్ము ఆ శాతాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, నొప్పిని డిగ్రీల్లో చూసే ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్ప ఇప్పటి వివాదాలు బోధపడవు.

దీని మూలం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉంది. 1917 అక్టోబరులో వార్ రిస్క్ ఇన్సూరెన్స్ చట్టానికి చేసిన సవరణ, గాయాలకు ఒక రేటింగ్ పట్టిక తయారు చేయాలనీ, ఫలానా గాయం వల్ల పౌర వృత్తుల్లో సంపాదనా శక్తి సగటున ఎంత తగ్గుతుందో చూసి శాతాలు నిర్ణయించాలనీ ఆదేశించింది. అంటే ఒకే రకంగా నడుము పట్టేసిన గుమాస్తాకూ, బస్తాలు మోసే కూలీకీ ఒకటే శాతం. ఇది న్యాయం కాదన్న ఆలోచనతో 1924 చట్టం, దాని వెంట వచ్చిన 1925 పట్టిక, మనిషి యుద్ధానికి ముందు చేసిన వృత్తిని కూడా లెక్కలోకి తీసుకున్నాయి గానీ, 1933లో మళ్లీ పాత సగటు పద్ధతికే వెళ్లిపోయారు. 1945 పట్టిక కూడా దానినే అనుసరించింది. ఎన్ని సవరణలు జరిగినా నేటి నిబంధనలు ఆ 1945 పట్టిక మీదనే నిలిచి ఉన్నాయి.

ఆ పట్టికలో నడుము కదలికకు పెట్టిన కొలతలు స్థూలమైనవి. కదలిక స్వల్పంగా తగ్గితే 10 శాతం, ఒక మోస్తరుగా తగ్గితే 20, తీవ్రంగా తగ్గితే 40. ఏది స్వల్పమో, ఏది తీవ్రమో చెప్పే కొలమానం లేకపోవడంతో ఒక కార్యాలయంలో 20 వచ్చిన నడుముకు మరో కార్యాలయంలో 40 రావడానికి ఆస్కారం ఉండేది. దాని మీద కోర్టుకు వెళ్లే దారి కూడా దశాబ్దాల పాటు లేదు. 1988లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ న్యాయ సమీక్షకు చట్టం చేసి, మాజీ సైనికుల అప్పీళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక కోర్టు ఏర్పాటు చేసిన తర్వాతే శాఖ తన నిర్ణయాలకు బయట జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఆ కోర్టు 1995లో డెలూకా వర్సెస్ బ్రౌన్ కేసులో ఇచ్చిన తీర్పు పరీక్ష తీరునే మార్చింది. కేసు భుజానికి సంబంధించినదే అయినా సూత్రం కీళ్లన్నిటికీ, వెన్నెముకకూ వర్తించింది. నొప్పి, నీరసం, త్వరగా అలిసిపోవడం వల్ల పని చేయగల శక్తి తగ్గితే దానినీ లెక్కించాలని నిబంధనల్లో ముందే ఉంది; పరీక్షల్లో మాత్రం దాన్ని పట్టించుకునేవారు కారు. ఒకసారి వంగగానే కొలిచి ఊరుకోకుండా, పదే పదే వంగినప్పుడూ, నొప్పి తిరగబెట్టినప్పుడూ కదలిక ఇంకా ఎంత తగ్గుతుందో వీలైతే డిగ్రీల్లోనే చెప్పాలని కోర్టు స్పష్టం చేసింది.

శాఖ మాత్రం కొలతలను మరింత బిగించింది. 2003 సెప్టెంబరు 26 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సూత్రం ‘స్వల్పం’, ‘తీవ్రం’ వంటి మాటలను తీసేసి అంకెలు పెట్టింది. ముందుకు వంగడంలో సాధారణ పరిమితి 90 డిగ్రీలు. 60 దాటి 85 లోపు ఆగితే 10 శాతం, 30 దాటి 60 లోపు ఆగితే 20, 30 లేదా అంతకన్నా తక్కువైతే 40. ప్రతి కొలతనూ దగ్గరలోని 5 డిగ్రీలకు సవరించాలి కాబట్టి, 32 డిగ్రీలు 30 అయి 40 శాతం తెచ్చిపెడుతుంది, 33 డిగ్రీలు 35 అయి 20 దగ్గరే ఆగిపోతుంది. ఒక్క డిగ్రీ తేడాకు రేటింగ్ సగానికి పడిపోయే ఈ లెక్కలో గోనియోమీటర్ పట్టిన చెయ్యి ఎంత నిలకడగా ఉందన్నది చిన్న విషయం కాదు. కదలిక పరిమితిని బట్టి వచ్చే శాతానికి 40 గరిష్ఠం; అంతకు మించి కావాలంటే వెన్నుపూసలు అసలు కదలకుండా బిగుసుకుపోయి ఉండాలి. ఈ శాతాలన్నీ ‘నొప్పి ఉన్నా లేకున్నా’ వర్తిస్తాయని సూత్రం మొదట్లోనే రాసి ఉంది. నరం ఒత్తుకుని కాలులోకి లాగే సయాటికా వంటి బాధకు విడిగా రేటింగ్ ఇస్తారు గానీ రెంటినీ మామూలుగా కూడరు: నడుముకు 40, కాలికి 20 వస్తే, 40 పోగా మిగిలిన 60లో 20 శాతం, అంటే 12 కలిపి 52, దానిని సవరిస్తే 50.

డిస్కు జబ్బుకు మరో దారి కూడా ఉంది. ఏడాదిలో వైద్యుడు మంచం మీద విశ్రాంతి తీసుకోవాలని రాసిచ్చిన రోజులన్నీ కలిపి ఆరు వారాలు నిండితే 60 శాతం వస్తుంది. అయితే నడుము నొప్పికి పడుకోవడం మేలు చేయదని, వీలైనంత తిరుగుతూ ఉండమని వైద్యులు చెప్పే ఈ కాలంలో అలాంటి చీటీ రాసేవారే అరుదు. అందువల్ల ఈ నిబంధన చాలా మందికి కాగితం మీదనే మిగిలిపోయింది.

తర్వాతి పదిహేనేళ్ల తీర్పులు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గలేదు. 2011లో మిచెల్ కేసులో, కదిలినంత సేపూ నొప్పి ఉన్నా, దానివల్ల పని సామర్థ్యం తగ్గనిదే ఎక్కువ రేటింగ్ రాదన్నారు. 2016లో కొర్రేయా కేసులో, స్వయంగా కదిలించినప్పుడూ ఇతరులు కదిలించినప్పుడూ, బరువు మోపినప్పుడూ మోపనప్పుడూ నొప్పిని పరీక్షించాలన్నారు. 2017 నాటి షార్ప్ తీర్పు, పరీక్ష రోజున నొప్పి తిరగబెట్టలేదు కాబట్టి అంచనా వేయలేమని రాసి చేతులు దులుపుకోవడం కుదరదని, ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, అప్పుడు ఏ పనులు చేయలేరు అన్నది ఆ మనిషినే అడిగి తెలుసుకోవాలని చెప్పింది. 2018లో ఆ కోర్టుకు పై కోర్టు అయిన ఫెడరల్ సర్క్యూట్ కోర్టు సాండర్స్ కేసులో, రోగ నిర్ధారణ తేలకపోయినా, సామర్థ్యాన్ని తగ్గించే నొప్పి దానంతట అదే వైకల్యం కాగలదని తేల్చింది.

ఈలోగా పరీక్ష చేసేవారూ మారారు. 1996 చట్టం పది ప్రాంతీయ కార్యాలయాల్లో ప్రయోగాత్మకంగా ప్రైవేటు సంస్థలకు అవకాశమిచ్చింది. ఇప్పుడు అత్యధిక పరీక్షలు కాంట్రాక్టు సంస్థల చేతిలోనే ఉన్నాయి. పరీక్షించేది చికిత్స చేసే డాక్టరు కాకపోవడంతో, పాత రికార్డు మొత్తం చదివారా అన్న ప్రశ్న అప్పీళ్లలో తరచూ వినిపిస్తుంది. మందుల సంగతీ అలాగే వివాదంలో పడింది. బిళ్ల వేసుకుని వచ్చి 70 డిగ్రీలు వంగిన మనిషిని ఎలా రేట్ చేయాలి? పట్టికలో మందుల ప్రస్తావన లేనిచోట, వాటివల్ల కలిగిన ఉపశమనాన్ని మాజీ సైనికుడికి వ్యతిరేకంగా లెక్కించరాదని 2012లో జోన్స్ కేసులో కోర్టు చెప్పింది. 2025 మార్చిలో ఇంగ్రామ్ కేసులో ఎముకలు, కీళ్ల జబ్బులకూ అదే వర్తిస్తుందని తీర్పు ఇవ్వడంతో, మందు లేకపోతే ఆ నడుము ఎంత వరకు వంగేదో అంచనా కట్టవలసిన పని కూడా ఈ పరీక్ష మీద పడింది.