ఫోలిక్ యాసిడ్ పట్టుకుంటే ఐదు సబ్జెక్టులు

మా అక్క కూతురు జార్జియాలో మెడిసిన్ చదివొచ్చి ఎఫ్‌ఎంజీఈకి ప్రిపేరవుతోంది. విదేశాల్లో చదివిన మన పిల్లలు ఇక్కడ డాక్టర్లు కావాలంటే ఈ పరీక్ష గట్టెక్కాల్సిందే. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, తప్పు జవాబుకు మార్కులు కోయరు. వినడానికి తేలికే. కానీ 19 సబ్జెక్టులు ఒక్కసారిగా బుర్రలో నిలబడాలి.

మొన్న మా ఇంటికొచ్చినప్పుడు దాని పుస్తకం చూశాను. నాలుగు రంగుల్లో గీతలు, మూడుసార్లు చదివిన గుర్తులు. పుస్తకం మూయించి, పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పిచ్చి, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గురించి తెలిసిందంతా రాయమన్నాను. మూడు లైన్లు రాసి ఆగిపోయింది. "చదివాను పిన్నీ, ఆ పేజీలో ఎడమ పక్క కింద ఉంటుంది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి పిల్లకి.

తప్పు దానిది కాదు. మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమవుతుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞాపకం అనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద ఇది పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే తిరిగి చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా!

ఇక ఆ కాగితం సంగతి. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ కొత్తగా తయారవాలి. అందుకు కావాల్సిన థైమిడిన్ అనే ముక్క ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్‌కి ఇంకో రూపం) లేనిదే తయారు కాదు. ఇదొక్కటే గుర్తుంచుకుని, ఒంట్లో కణాలు చకచకా చీలే చోట్లేమిటో చెప్పమన్నాను. "ఎముకల్లో మూలుగ, కడుపులో బిడ్డ, క్యాన్సర్ గడ్డ, బాక్టీరియా" అంది. బయోకెమిస్ట్రీలో మొదలైన ముక్క, అక్కడి నుంచి ఒక్కో చోటా ఒక్కో సబ్జెక్టు తలుపు తీసింది.

మూలుగ దగ్గర పేథాలజీ. నేను ల్యాబ్‌లో రోజూ చూసేది ఇదే. ఫోలేట్ చాలనప్పుడు కణం పెరుగుతుంది కానీ చీలలేదు. అందుకే స్మియర్‌లో, అంటే గాజుపలక మీద పూసిన రక్తపు చుక్కలో, ఎర్ర కణాలు పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. ఎర్ర కణం సగటు సైజు చెప్పే ఎంసీవీ 100 దాటుతుంది. పక్కనే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం. మామూలుగా దాని కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఇక్కడ సన్నని దారానికి గుచ్చిన పూసల్లా ఆరు. ఒక్కసారి కంటితో చూసినవాళ్లు దీన్ని మర్చిపోరు.

బిడ్డ దగ్గర ఎంబ్రియాలజీ. వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలియదు. 400 మైక్రోగ్రాముల మాత్ర ముందునుంచే వేసుకోమనేది అందుకే.

బాక్టీరియా తన ఫోలేట్ తానే వండుకుంటుంది, మనం తిండి నుంచి తెచ్చుకుంటాం. సల్ఫా మందులు ఆ వంటనే ఆపుతాయి. అందుకే అవి మన కణాల్ని వదిలి దాన్ని దెబ్బ కొడతాయి. ఇది మైక్రోబయాలజీ.

క్యాన్సర్ గడ్డ దగ్గర ఫార్మకాలజీ. ఇక్కడికొచ్చేసరికి నేను కాస్త ఎక్కువసేపు ఆగాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సొంత సోదరులిద్దరూ తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఆయనకు ఎంబీబీఎస్ బదులు తక్కువస్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా దక్కింది. అమెరికా వెళ్లి, లెడర్లే ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపింది ఆయనే. స్ప్రూకి వాడే మందుల్లో అదీ ఒకటైంది. దాన్నే కొద్దిగా మార్చి, ఫోలేట్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ చేశారు. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికన్ డాక్టర్ దాంతో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో జబ్బును కొంతకాలమైనా అణచగలిగారు. ఇప్పటికీ క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. ఈ కథ చెప్తున్నప్పుడు పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది.

వారం తర్వాత మళ్లీ తెల్లకాగితం ఇచ్చాను. ఈసారి ఖాళీ లేకుండా నింపేసింది. అప్పుడు ఒక కేసు అడిగాను: శాకాహారి పెద్దాయన, రక్తహీనత, ఫోలిక్ యాసిడ్ ఇస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. కానీ పాదాలు తిమ్మిరి, చీకట్లో తూలిపోతున్నాడు.

"బీ12 లోపం పిన్నీ! ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని సరిచేస్తుంది, నరాల్ని కాదు. వెన్నుపాము వెనక దారులు దెబ్బతింటున్నాయి."

"ఫోలేట్ లోపం కాదని ఏ టెస్టు చెప్తుంది? రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం రెండు లోపాల్లోనూ పెరుగుతుందిగా?"

ఆలోచించింది. నాలుక చివర ఆడింది కానీ రాలేదు. పుస్తకం తీసి వెతికి, బీ12 లోపంలో పెరిగి ఫోలేట్ లోపంలో పెరగని మిథైల్‌మెలోనిక్ యాసిడ్ పేరు కొత్త కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, పక్కన వచ్చే ఆదివారం తేదీ వేసుకుంది.