క్వేజార్ ఎక్స్‌రేలకు భయపడి ఫోన్లు ఆపేయకండి

"ఈ రాత్రి అంతరిక్ష కిరణాలు భూమికి దగ్గరగా పోతున్నాయి, ఫోన్లు ఆపేయండి" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఈసారి అందులో క్వేజార్ (భారీ కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, ఉండి విపరీతంగా వెలిగే సుదూర గెలాక్సీ కేంద్రం) పేరు కూడా చేర్చారు. క్వేజార్ల అతినీలలోహిత, మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్‌రే వర్ణపటాలు, అంటే ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు వస్తోందో చూపే పటాలు, విశ్లేషించడమే నా పని కాబట్టి ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతున్నారు.

అపోహ: ఆ కిరణాలు మనకు, కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

వాస్తవం: చెయ్యవు. అవి నేల దాకా రానే రావు. మృదు ఎక్స్‌రేలు వాతావరణం పైపొరల్లోనే ఆగిపోతాయి. 300 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహితాన్ని ఓజోను, ఆక్సిజను పీల్చేస్తాయి. అందుకే 2015 సెప్టెంబరు 28న మన దేశపు అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌ను, అప్పటికి మా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి, 650 కిలోమీటర్ల ఎత్తుకు పంపాల్సి వచ్చింది. ఆ కిరణాలు మన ఇళ్ల మీద పడుతుంటే డాబా మీద నుంచే కొలుచుకునేవాళ్లం కదా!

సరే, వాతావరణమే లేదనుకుందాం. బాగా ప్రకాశవంతమైన 3సి 273 క్వేజార్ 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని ఎక్స్‌రే ఫోటాన్లు (వెలుగు కణాలు) భూమి దగ్గర చదరపు సెంటీమీటరుకు సెకనుకు ఒక్కటి కూడా పడవు. ఒక్క వర్ణపటం కోసం టెలిస్కోపును గంటల తరబడి అటే తిప్పి ఉంచుతాం.

కావలిలో మా పిన్ని కూతురికి ఏడో నెల. ఆ మెసేజ్ చూసి రాత్రంతా ఫోన్ ఆపేసి, కిటికీలు మూసుకుని కూర్చుంది. కందుకూరులో పిన్ని ఎన్నిసార్లు చేసినా కలవక తెల్లవార్లూ ఏడ్చింది. "ఏమో అన్నా, బిడ్డకేమన్నా అయితే?" అంది పొద్దున. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఆధారం లేని మాటను పదిమందికి పంపేవాళ్ల మీదే నా కోపం. నొప్పులొచ్చినా, తుపాను హెచ్చరిక వచ్చినా మనకు దిక్కు ఆ ఫోనే.

సందేహం: కృష్ణబిలం నుంచి వెలుగు రాదు, మరి క్వేజార్ ఎలా వెలుగుతుంది?

వాస్తవం: వెలిగేది బిలం కాదు, దాని చుట్టూ తిరుగుతూ వేడెక్కే వాయువుల పళ్లెం. అతినీలలోహితం ఎక్కువగా అక్కడిదే.

అపోహ: ఉపగ్రహం ఉంటే వర్ణపటమంతా కనిపిస్తుంది.

వాస్తవం: 91.2 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం నుంచి మృదు ఎక్స్‌రేల దాకా మధ్య భాగాన్ని మన పాలపుంతలోని హైడ్రోజనే మింగేస్తుంది. రెండు చివర్లు చూసి, మధ్యలో ఏముందో లెక్కకట్టాలి. మృదు ఎక్స్‌రేల్లో కనిపించే అదనపు వెలుగు పళ్లెం మీది వేడి పొరదా, పళ్లెం మీద పడ్డ ఎక్స్‌రేల పరావర్తనం వల్ల వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. మా వాదనలన్నీ దాని మీదే.