జొన్న రొట్టె, పత్తి చేను, రంది

హన్మకొండలో పొద్దుగూకితే చాలు, రోడ్ల పక్కన జొన్న రొట్టెల పెనాలు వేడెక్కుతాయి. షుగర్ ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు నిలబడి పార్సిల్ కట్టించుకుంటారు. మనిషి మతి తప్పించే ఒక జబ్బుకు అరవై ఏళ్ల కిందట ఈ జొన్ననే అనుమానించారని చెబితే వాళ్లు నవ్వుతారు.

ఆ జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, ముదిరితే తానెక్కడున్నదీ తెలియని అయోమయం. మూలం నయాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం. దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదలకు ఇది ఎందుకొస్తోందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకోలేదు, వాదన చాలాకాలం నడిచింది. పక్కన పప్పు, పాలు, గుడ్డు ఉన్న ఇంట్లో మాత్రం జొన్న ఎవరికీ హాని చేయలేదు.

మనసు జబ్బులు ఎందుకొస్తాయన్న సిద్ధాంతాలు చదివినప్పుడల్లా నాకు పెల్లాగ్రానే గుర్తొస్తుంది. తప్పు మెదడుదా, తిండిదా, పేదరికానిదా?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇదే జబ్బుతో మానసిక ఆసుపత్రులకు చేరినవాళ్లు చాలామంది. అంటువ్యాధి అన్నారు, వంశంలో ఉందన్నారు. 1914లో ప్రభుత్వం పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒక చిన్న సంగతి పట్టుకున్నాడు: ఆసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో ఉండేవాళ్లకే వస్తోంది, వాళ్లను చూసుకునే సిబ్బందికి రావడం లేదు. అంటుకునేదైతే వాళ్లనెందుకు వదులుతుంది? పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు, జబ్బు తగ్గింది. 1937లో నయాసిన్ సంగతి తేలాక, మతి తప్పిన రోగులు కొందరు ఆ మందుతో రోజుల్లోనే తేరుకున్నారు. అంతకుముందు 1913లో మరో రకం మతిభ్రమణంతో చనిపోయినవాళ్ల మెదళ్లలో సిఫిలిస్ క్రిమి కనిపించింది. ఇక ప్రతి మానసిక జబ్బుకూ ఇలాంటి ఒక్క దోషి దొరుకుతుందని ఆశపడ్డారు.

దొరకలేదు. ఒకే రకం జన్యువులున్న కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, లేనివి నిజమనిపించే జబ్బు) వస్తే, రెండోవారికి రానివే సగమో, అంతకన్నా ఎక్కువో జంటలు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనే మాటకు గట్టి ఆధారం లేదని 2022లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. మందులు పనికిరావని దాని అర్థం కాదు. ఎలా పనిచేస్తాయన్నది వేరే ప్రశ్న. ఇక బాల్యంలో అణిగిన కోరికల్లో మూలం వెతికిన ఫ్రాయిడ్‌ను పరీక్షకు పెట్టడమే కష్టం, ఆయన్ని ఇక్కడే వదిలేస్తాను.

గోల్డ్‌బెర్గర్ తిండి దగ్గరా ఆగలేదు. ఆర్థికవేత్త సైడెన్‌స్ట్రికర్‌తో కలిసి 1916 నుంచి దక్షిణ కరోలినా బట్టల మిల్లుల ఊళ్లు తిరిగాడు. ఆదాయం తగ్గేకొద్దీ పెల్లాగ్రా పెరిగింది. పల్లెల్లో కౌలుదార్లు గడప దాకా పత్తే వేసేవారు, కూరగాయలకూ ఆవుకూ జాగా లేదు. పత్తి ధర పడితే పళ్లెంలోంచి పాలు మాయమయ్యేవి.

పత్తి ధర పడితే ఇంట్లో ఏమవుతుందో వరంగల్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1997-98లో పురుగు పత్తిని తినేసిన ఏడాది ఇక్కడ ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో గుర్తున్నవాళ్లు ఉన్నారు. అలా మనసును తినేసే దిగులుకు మన దగ్గర ఒక మాట ఉంది: రంది. అప్పు రంది, బిడ్డ పెళ్లి రంది. 'డిప్రెషన్' అంటే దేని గురించని ఎవరూ అడగరు. రంది అనగానే అడుగుతారు. లండన్‌లో మహిళలపై జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ చేసిన అధ్యయనం 1978లో వచ్చింది. డిప్రెషన్‌కు ముందు చాలామందికి పెద్ద దెబ్బ ఏదో తగిలి ఉందని, మనసు విప్పి చెప్పుకునే మనిషి ఉంటే అది కొంత కాచిందని అందులో తేలింది.

మరి దెబ్బ తిన్న అందరూ మంచం పట్టరేం? ఒకే వాన ఎగ్గొడితే చెల్క నేల వారంలో ఎండుతుంది, నల్లరేగడి ఇంకొన్నాళ్లు తడి పట్టి ఉంచుతుంది. నేల గుణం, వాన ఎగ్గొట్టడం రెండూ కలిస్తేనే పంట పోతుంది. 1977లో జోసెఫ్ జూబిన్, బోనీ స్ప్రింగ్ స్కిజోఫ్రీనియా గురించి చెప్పింది దాదాపు ఇదే. నేల గుణంలో జన్యువులుంటాయి, చిన్నప్పటి బతుకు ఉంటుంది, ఆలోచన తీరూ ఉంటుంది. 'ఈసారి పంట పోయింది' అనుకోవడం వేరు, 'నా చేత ఏదీ కాదు' అనుకోవడం వేరు. మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన, ఆలోచన తీరును సరిచేసే చికిత్స ఆ రెండో మాటను పట్టుకుని మొదలవుతుంది.

'గాలి సోకింది' అనేదీ ఒక సిద్ధాంతమే. ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తుల పూనకం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ కూడా, సంప్రదాయంలో భాగమైన పూనకాన్ని జబ్బు కింద రాయొద్దంటుంది. నాకు భయం చేతబడి, బాణామతి అనే మాటలతోనే. అవి కారణం కోసం పక్కింటి గడపకు పోతాయి. రోగికి మందు అందదు, పక్కింటి ముసలమ్మకు దెబ్బలు పడతాయి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదల ఇళ్లలో జొన్న కూడు తగ్గుతూ వచ్చింది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. ఇప్పుడు జొన్న రొట్టె మళ్లీ వచ్చింది, కాకపోతే బండివాడు పార్సిల్‌లో పప్పు కూడా కడుతున్నాడు.