పట్టాలో ఇంకా పొలంగానే ఉన్న రోడ్డు

ఒడిశాలోని బరంపురం శివార్లలో మేం స్థలం కొన్నప్పుడు అమ్మినాయన ఒక జిరాక్స్ షీటు చేతిలో పెట్టాడు. ప్లాట్ల మధ్య రెండు గీతలు, గీతల మధ్య బాల్‌పెన్నుతో '20 అడుగుల రోడ్డు' అని రాసి ఉంది. ఇల్లు కట్టాం, కరెంటొచ్చింది, హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి పన్ను కడుతున్నాం. రోడ్డుకు మాత్రం ఏటా వానలకు ముందు ఇంటికింతని వేసుకుని మేమే మోరం (ఎర్ర గ్రావెల్) పోయించుకుంటాం. ఆమధ్య హద్దులు కొలవడానికి వచ్చిన అమీన్ రికార్డు తిరగేసి, "బాబూ, మీ రోడ్డు కిసం ఇంకా శారదే" అన్నాడు. కిసం అంటే రికార్డులో రాసే నేల రకం. ఒడిశా రెవెన్యూ లెక్కల్లో శారద అంటే వరి పండే నేల. ఎదురింటి పిన్ని వెంటనే అందుకుంది: "అందుకేనేమో, నీళ్లు దిగవు."

పన్ను కడుతున్నాం కాబట్టి రోడ్డు కార్పొరేషన్ వాళ్లే వేయాలని మా కాలనీలో అందరి నమ్మకం. ఇంటి పన్ను ఇంటిదే, దాంతో రోడ్డు చేతులు మారదు. ఈ చిక్కు ఇప్పటిది కాదు, ఇక్కడ పుట్టిందీ కాదు.

పాత ఊళ్లో ఈ ప్రశ్నే రాలేదు. ఊరు కట్టుకున్న నేలను గ్రామకంఠమనేవారు. వీధి ఎవరి పట్టాలోనూ ఉండేది కాదు. నేతగాళ్ల పేటల్లోనైతే వీధంటే నడిచే దారే కాదు, పడుగు చాచుకునే జాగా కూడా. పర్లాకిమిడి లాంటి జమీందారీ ఊళ్లలో ఇలా ఎవరి పట్టాలోనూ లేని పోరంబోకు భూములు ఎస్టేటు కింద ఉండేవి. 1951 నాటి ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి సర్కారుకు దఖలు పడ్డాయి. అక్కడ ఒక్క చట్టంతో అయిపోయిన పని మా కాలనీలో ఎందుకు కాలేదో తెలియాలంటే కాస్త దూరం వెళ్లాలి.

ఇంగ్లండులో ఒకప్పుడు ఆసామి తన నేలమీదుగా జనానికి దారి వదిలి, జనం దాన్ని వాడుకుంటే చాలు, దాని మరమ్మతు భారం ఆ ఊరి మీద పడేది. ఇళ్ల వ్యాపారులు వీధులు గీసి వదిలేస్తే బాగుచేసే ఖర్చు ఊరికి తగిలేది. 1835 హైవేస్ చట్టం దానికి అడ్డుకట్ట వేసింది: ముందుగా నోటీసివ్వాలి, దారిని గట్టిగా వేయాలి, ఆ తర్వాతే ఊరు తీసుకుంటుంది. దాంతో ఎవరూ పట్టించుకోని బురద వీధులు పెరిగాయి. 1875 ప్రజారోగ్య చట్టం, 1892 ప్రైవేటు వీధుల పనుల చట్టం ఆ ఖర్చును వీధి వెంబడి ఇళ్లూ స్థలాలూ ఉన్నవాళ్ల మీద వేశాయి.

ఈ ఆలోచనే 1920 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టంలోకి వచ్చింది. ఇళ్ల స్థలాలు అమ్మేవాడు వీధి వేసి అమ్మాలి. వేయకపోతే మున్సిపాలిటీ నోటీసిస్తుంది. అప్పటికీ కదలకపోతే తానే వేసి ఖర్చు యజమానుల దగ్గర వసూలు చేసుకుంటుంది. అలా చదును చేసి, రాయి పరిచి, కాలువ తీసి, దీపం పెట్టాక ఇళ్లవాళ్లలో ఎక్కువమంది అడిగితే కౌన్సిల్ దాన్ని పబ్లిక్ వీధిగా ప్రకటించి తీరాలి. నాకు ఇందులో నచ్చేది ఆ 'తీరాలి'. ఎవరి దయ మీదా వదల్లేదు. కాకపోతే ముందు జేబులో చెయ్యి పెట్టాల్సింది మనమే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా బరంపురం, ఇచ్ఛాపురం రెండూ గంజాం జిల్లావే, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. సరిహద్దు గీత గీశాక కూడా ఇటు చాలాకాలం మద్రాసు చట్టమే నడిచింది. 1950లో ఒడిశా మున్సిపల్ చట్టం వచ్చినా ప్రైవేటు వీధి, పబ్లిక్ వీధి అన్న తేడా పోలేదు. అటు ఆంధ్రలో 1965లో సొంత చట్టం వచ్చింది. ఇచ్ఛాపురంలో ఉన్న మా బావతో మాట్లాడితే వాళ్ల కొత్త కాలనీదీ ఇదే గోల.

2008లో బరంపురం కార్పొరేషన్ అయింది. ఊరు పొలాల మీదికి పాకింది. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీలు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఎవరి ప్లాటు వాళ్లు 'ఘరబారి', అంటే ఇంటి స్థలం చేయించుకుంటారు. మధ్యలో వదిలిన రోడ్డును మార్పించుకునేవాడెవడు? అది అమ్మినాయన పేరు మీద, వరిపొలంగా అలాగే ఉండిపోతుంది. కార్పొరేటర్‌ని అడిగినా, ఎమ్మెల్యేని అడిగినా మొదటి ప్రశ్న ప్లాటు నంబరే. ప్రైవేటు పట్టాలో ఉన్న నేల మీద సర్కారు డబ్బు పోయడానికి ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. నిజం చెప్పాలంటే పెట్టకూడదు కూడా.

అయితే ఆ రోడ్డు అమ్మినాయన ఇష్టారాజ్యమూ కాదు. ఢిల్లీ కార్పొరేషన్ కేసొకదానిలో 1990ల్లో సుప్రీంకోర్టు ఈ సంగతి చూసింది. లేఅవుట్‌లో వీధికనో పార్కుకనో చూపించిన నేలను యజమాని జనం తరఫున పట్టుకుని ఉన్నట్టే లెక్క అంది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: చట్టంలో అధికారం లేకుండా ఆ నేలను ఉచితంగా తమ పేరిట రాసివ్వమని కార్పొరేషన్ షరతు పెట్టకూడదు. అంటే యజమాని దాన్ని మళ్లీ అమ్ముకోలేడు, కార్పొరేషన్‌దీ కాదు. మా రోడ్డు సరిగ్గా ఈ రెంటి నడుమ ఇరుక్కుంది. పైగా మాది అప్రూవల్ లేఅవుటూ కాదు, జిరాక్స్ లేఅవుటు.

సూటి దారి ఒకటే: పట్టాదారు ఆ రోడ్డు నేలను రిజిస్టర్డ్ దానపత్రంతో కార్పొరేషన్‌కు రాసివ్వడం, ఆపైన మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పించడం. అమ్మినాయన పోయి నాలుగేళ్లయింది. వారసులు ఐదుగురు. నలుగురు సంతకానికి సరేనన్నారు. ఐదో ఆయన గంజాం జిల్లా కుర్రాళ్లలో చాలామందిలాగే సూరత్‌లో మిల్లు పనిలో ఉన్నాడు, బరంపురం ఠాకురాణీ అమ్మవారి జాతరకు వస్తానన్నాడు. అది రెండేళ్లకోసారి. ఈలోగా ఈ ఏటి మోరం డబ్బు పిన్ని వసూలు చేస్తోంది.