అపోహ: ఏడుపు ఆపితే బాధ తగ్గినట్టే

"సోమవారం పొద్దున్నే కడుపునొప్పి మేడం. స్కూల్ బస్సు అటు వెళ్లగానే ఇటు దోసె తింటాడు. అన్నీ నాటకాలు!"

బెంగళూరు మారతహళ్లిలో పిల్లల కౌన్సెలర్‌గా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాటకం కాదండీ. దిగులు పడితే పిల్లలకి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. దిగులు సద్దుమణిగితే నొప్పీ పోతుంది, అందుకే ఆ దోసె. (ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పితో నిద్ర లేవడం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.)

"ఏం కాలేదు, ఊరుకో" అని చేతికి ఫోన్ ఇస్తాం. ఏడుపు ఆగుతుంది. బాధ మాత్రం అక్కడే ఉంటుంది.

ఆమధ్య ఒక ఆరేళ్ల బాబు వచ్చాడు (వివరాలు కొన్ని మార్చాను). మూడు వారాలుగా కడుపునొప్పి, స్కానింగ్ నార్మల్. బొమ్మ కారుని బల్ల అంచుదాకా తోసి, పడబోతుంటే పట్టుకుంటున్నాడు. ఎలా ఉందిరా అంటే "బోరింగ్". ఇంకా? "సాడ్". అంతే. స్కూల్లో ఇంగ్లీషు, అపార్ట్‌మెంట్ కింద హిందీ, కన్నడ. ఇంట్లో తెలుగంటే తిను, పడుకో, హోంవర్క్ చెయ్.

మాటల్లో నాన్నమ్మ సంగతి తెలిసింది. రెండు నెలలుండి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు వెళ్లిపోయారు. చూస్తే ఏడుస్తాడని, వాడు స్కూల్లో ఉండగా బయల్దేరారట.

"నాన్నమ్మ మీద బెంగ పెట్టుకున్నావా?"

"బెంగ అంటే?"

"ఆవిడ మంచం ఖాళీగా కనిపిస్తే ఇక్కడ పట్టేసినట్టు ఉంటుంది చూడు, అది."

కారు ఆగింది. "దుప్పటి కూడా మడతపెట్టేశారు" అన్నాడు.

వాడి లెక్క ప్రకారం, తను స్కూలుకెళ్తే ఇంట్లో మనుషులు మాయమవుతారు. మరి పొద్దున్నే కడుపు నొప్పెట్టదా?

"బాధకి పేరు పెట్టి గుర్తుచేస్తే ఇంకా ఎక్కువవుతుంది కదా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధనలో తేలింది దీనికి వ్యతిరేకమే: చూస్తున్న ముఖంలోని భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా జోరు తగ్గింది. మనకేమో పేర్లకి కరువా? అలక, ఉక్రోషం, జంకు, నామోషీ. అలిగినవాడు బతిమాలితే కరుగుతాడు. ఉక్రోషంలో ఉన్నవాణ్ణి బతిమాలితే ఇంకా రేగుతాడు. రెంటినీ "యాంగ్రీ" అనేస్తే ఏం చేయాలో మనకీ తోచదు.

మిగతావి గబగబా. మగపిల్లాడు ఏడవకూడదా? కన్నీళ్లు అందరికీ ఒకటే. కోపాన్ని ఒప్పుకుంటే గారాబమా? కాదు: "కోపం వచ్చింది, సరే. తమ్ముణ్ణి కొట్టడం మాత్రం కుదరదు." రెండు భాషలైతే తికమకా? లేదు. ఫ్రిజ్ మీద ఎమోజీ చార్టు ఉంటే చాలా? అది చార్టే, మీరు కాదు.

అరుస్తున్నప్పుడే పాఠం చెప్పాలన్నదీ తప్పే. ఆ తప్పు నేనూ చేశాను. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి ఇంటికొచ్చి, అరుస్తున్న మా అమ్మాయిని "నీకు కోపం వచ్చిందా?" అని పళ్లు కొరుకుతూ అడిగాను. "నీకే వచ్చింది" అంది. నిజమే, వెళ్లి ముఖం కడుక్కున్నాను.

వారాల తరబడి స్కూలు మానేస్తున్నా, తిండీ నిద్రా చెడినా టెన్షన్ పడుతూ కూర్చోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.