హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి ఇంగ్లిష్ క్లాసు వెతుక్కుంటున్నారా? అపోహలు – వాస్తవాలు

2009లో పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాను. డిగ్రీ చేతిలో ఉంది, ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు వరసగా రావు. ఎస్సార్ నగర్ హాస్టల్లో బ్యాగు పడేసి, కోచింగ్ సెంటర్లకి పేరుపడ్డ అమీర్‌పేట మైత్రీవనం వైపు నడిస్తే పదడుగులకో కరపత్రం చేతిలో పెట్టారు. మూడో రోజుకల్లా ఒకచోట నాలుగు వేలు కట్టేశాను, రసీదు కూడా అడగలేదు. డెమో క్లాసు అద్భుతంగా చెప్పిన సారు మళ్ళీ కనిపించలేదు. ఇప్పుడు అదే అమీర్‌పేటలో పన్నెండేళ్ళుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. జూన్, జులై నెలల్లో ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు నా ఎదురుగా కూర్చుని ఇంకా అప్పటి మాటలే అంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముప్పై రోజుల్లో ఇంగ్లిష్ వచ్చేస్తుంది

ఆదివారాలు తీసేయండి, మిగిలేవి 26 క్లాసులు. అంటే 26 గంటలు. భాష ఎంత వచ్చో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలిచే యూరప్ పద్ధతి ఒకటుంది. ఒక మెట్టు ఎక్కడానికి సుమారు 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జ్ పరీక్షలు పెట్టేవాళ్ళ అంచనా. బడిలో ఏళ్ళ తరబడి చదివిన ఇంగ్లిష్ మీలో ఎంతో కొంత ఉంది కాబట్టి మీరు సున్నా నుంచి మొదలుపెట్టరు, నిజమే. నెల రోజుల్లో బెరుకు పోతుంది. అది కూడా గొప్ప లాభమే. కానీ ఇంటర్వ్యూలో తడుముకోకుండా మాట్లాడాలంటే కనీసం ఆరు నెలలు చేతిలో పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ మాటే చెప్పి రండి.

అపోహ: పేరున్న పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే చాలు

డబ్బు పోయేది ఇక్కడే. ఒక్కసారి నాతో పాటు లెక్క వేయండి. బ్యాచ్‌లో 60 మంది, క్లాసు గంట. సారు నలభై నిమిషాలు బోర్డు మీద చెబితే మిగిలేవి ఇరవై నిమిషాలు, అంటే 1,200 సెకన్లు. తలా 20 సెకన్లు. నెల మొత్తానికి మీ నోరు పెగిలేది తొమ్మిది నిమిషాలు కూడా కాదు. తొమ్మిది నిమిషాల మాటకి నెల ఫీజు కట్టారన్నమాట.

అదే 60 మందినీ జంటలుగా కూర్చోబెట్టి ఆ ఇరవై నిమిషాలూ ఒకరితో ఒకరిని మాట్లాడిస్తే? రోజుకి తలా పది నిమిషాలు, నెలకి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. గది అదే, సారు అదే, ఫీజూ అదే. తేడా అంతా క్లాసు నడిపే పద్ధతిలోనే ఉంది. ఆ సంగతి కరపత్రంలో ఎవరూ రాయరు, మీరే వెళ్ళి చూసుకోవాలి.

డెమో చూసి నిర్ణయించుకోవద్దు. డెమోకి వాళ్ళలో బాగా చెప్పేవాళ్ళనే పెడతారు. "మూడు వారాల కింద మొదలైన బ్యాచ్‌లో ఒక గంట వెనక కూర్చుంటాను" అని అడగండి. ఒప్పుకోకపోతే పక్క మెట్లు ఎక్కండి, అమీర్‌పేటలో మెట్లకి కొదవలేదు. ఒప్పుకుంటే, మీ పక్కన కూర్చున్న అమ్మాయి ఆ గంటలో ఎంతసేపు మాట్లాడిందో వాచీ చూసుకుని లెక్కపెట్టండి. ఆమె మాట్లాడినంతే రేపు మీరూ మాట్లాడతారు.

అపోహ: ముందు గ్రామర్ అంతా పూర్తిచేయాలి, మాట తర్వాత

ఆసిఫాబాద్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పన్నెండు టెన్సులూ నోటికి వచ్చు, చార్టు చూడకుండా బోర్డు మీద రాసేస్తాడు. "పొద్దున లేచి ఏం చేస్తావు, చెప్పు నాన్నా" అన్నాను. "ఐ... డైలీ... మార్నింగ్... సిక్స్ ఓ క్లాక్..." అని ఆగిపోయాడు. చొక్కా గుండీ తిప్పుతూ నేల చూపులు చూస్తున్నాడు. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా! అతను తెలుగు వరసలోనే అన్నీ పేర్చుకుంటూ వచ్చి, చివరికి చేరేసరికి క్రియ ఎక్కడ పెట్టాలో తోచక నిలబడిపోయాడు. గ్రామర్ రాక కాదు, వరస నోటికి అలవాటు కాక.

అలాంటివాళ్ళతో నేను మొదటి వారం చిన్న ముక్కలే చెప్పిస్తాను. "ఐ గెట్ అప్." "ఐ గెట్ అప్ ఎట్ సిక్స్." మనిషి, వెంటనే క్రియ, మిగతాది ఆ తర్వాత. రోజుకి యాభై వాక్యాలు, అన్నీ వాళ్ళ బతుకులోవే: హాస్టల్ టిఫిను, 10హెచ్ బస్సు, ఊళ్ళో నాన్న పొలం. మూడో వారానికి ఆ అబ్బాయి వాళ్ళ చెరువు గురించి ఐదు నిమిషాలు చెప్పాడు. తప్పులున్నాయి, ఆగడం మాత్రం లేదు. నాకు ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

అపోహ: క్లాసులో తెలుగు మాట వినపడకూడదు

భయపడే పిల్లలకి అసలు విషయం తెలుగులో చెబితేనే అర్థమవుతుంది. రెండు నిమిషాలు తెలుగులో చెప్పి, పది నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడించే టీచరు దొరికితే వదలకండి. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే చోట పిల్లలు రెండు భాషల్లోనూ నోరు మూసుకోవడం నేను చూశాను.

అపోహ: తక్కువ ఫీజు అంటే నాసిరకం, ఉచితం అంటే దండగ

దోమలగూడ రామకృష్ణ మఠంలో వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లాంగ్వేజెస్ ఉంది. ఇంగ్లిష్‌ని స్థాయిల వారీగా, చాలా తక్కువ ఫీజుకి చెబుతారు. ఎప్పుడంటే అప్పుడు చేర్చుకోరు, అడ్మిషన్ తేదీలు ముందే కనుక్కోండి. పల్లెటూరి పేద కుటుంబాల పిల్లలకి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే ప్రభుత్వ పథకం ఉంది. అందులో ఉద్యోగానికి పనికొచ్చే పనితో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా ఉచితంగా నేర్పుతారు. ఊరు వదిలే ముందే మండలంలో అడిగి రావడం మంచిది. ఇక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పోటీ పరీక్షలకి చదివేవాళ్ళతో కిటకిటలాడుతుంటుంది. అక్కడ ఇంగ్లిష్ పేపరు చదివి, బయట టీ కొట్టు దగ్గర మీలాంటి ఇంకొకరితో ఆ వార్త గురించే పావుగంట మాట్లాడుకోండి. పైసా ఖర్చు లేదు.

అపోహ: ఫీజు మొత్తం ఒకేసారి కడితే లాభం

డిస్కౌంట్ ఆశ చూపిస్తారు. ఒక నెలకే కట్టండి. చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది డబ్బు తీసే ముందే అడగండి. రసీదు మీద ఎన్ని క్లాసులు, ఏ టైము, చెప్పేది ఎవరు అన్నవి రాయించుకోండి. ఇచ్చిన మాట తప్పి డబ్బు వెనక్కివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే చెప్పుకోవచ్చు.