గడ్చిరోలి నుంచి మనం తెచ్చుకోని ఇంజెక్షన్

వాగు పొంగింది, డోలీలో మోశారు, నెలలు నిండని బిడ్డ దక్కలేదు. వానాకాలంలో ఏజెన్సీ నుంచి ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చర్చ ఒకే దారి పడుతుంది. ఒకరు ఎస్ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స యూనిట్) కావాలంటారు, ఇంకొకరు రోడ్డు అడుగుతారు. చివరికి అందరూ ఆశా కార్యకర్తనే నిలదీస్తారు: ముందే ఎందుకు కనిపెట్టలేదని. రోడ్డు కావాలి, యూనిట్ కావాలి, అందులో వాదన లేదు. ఆశా చేతికి ఏమిచ్చాం, ఏమివ్వలేదు అన్నది తెలియాలంటే మాత్రం ప్రాణహిత దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలికి వెళ్లాలి.

ఆశా వ్యవస్థ ఎలా మొదలైందో అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2011లో ఉంది. కేంద్రం ఆ ఏడాది ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణను ఆశాలకు అప్పగించింది. ఆస్పత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు వెళ్లాలి. మొత్తానికి 250 రూపాయలు. ఇదంతా గడ్చిరోలి నమూనాయే అన్నారు. కానీ ఆ నమూనాలో ఒక ముఖ్యమైన ముక్క దారిలోనే రాలిపోయింది.

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపిన 'సెర్చ్' సంస్థ 1993లో అక్కడి పల్లెల్లో పుట్టిన, పోయిన ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. 39 ఊళ్లలో సంరక్షణ, పోల్చి చూడటానికి మరో 47 ఊళ్లు. అయిదు నుంచి పది తరగతుల వరకు చదివిన ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. కాన్పు దగ్గర ఉండటం, బిడ్డను తూచడం, వెచ్చని సంచిలో చుట్టడం, రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లిపాలు పిండి పట్టించడం. ఇక్కడి దాకా ఎవరికీ అభ్యంతరం లేదు. తేడా తర్వాతి మెట్టులో వచ్చింది. బిడ్డ పాలు మానేసి, ఒళ్లు చల్లబడి, నీరసపడితే అది సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్‌ఫెక్షన్) కావచ్చని గుర్తుపట్టడం. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పడం. వెళ్లలేమంటే తల్లిదండ్రుల ఒప్పుకోలుతో ఇంట్లోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసి, కో-ట్రైమాక్సజోల్ సిరప్ పట్టించడం.

1999 డిసెంబరులో వైద్య పత్రిక లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. పోల్చిన ఊళ్లతో చూస్తే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. సెప్సిస్ సోకిన పిల్లల్లో మరణాలు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి దిగాయి. నెలలు నిండని పిల్లల లెక్క ఇంకా ఆశ్చర్యం. అంతకుముందు ముగ్గురిలో ఒకరు పోయేవారు, తర్వాత పదిమందిలో ఒకరు. పుట్టడం తొందరపడటం ఒక్కటే వాళ్లను చంపలేదు; ఆ బలహీనత మీద ఇన్‌ఫెక్షన్ వచ్చి పడటం చంపింది.

అయినా 2011లో ఆశాలకు త్రాసు ఇచ్చారు, థర్మామీటర్ ఇచ్చారు, సిరంజి ఇవ్వలేదు. డాక్టర్ల భయం ఉత్తదేమీ కాదు. జెంటామైసిన్ మోతాదు తప్పితే కిడ్నీలకు, వినికిడికి ముప్పు. 2014 ఫిబ్రవరిలో కేంద్రం కొంత సడలించి, ప్రత్యేక పరిస్థితుల్లో ఉపకేంద్రాల్లో పనిచేసే ఏఎన్ఎం నర్సులు ఈ ఇంజెక్షన్ ఇవ్వొచ్చంది. గడ్చిరోలి రోజులు వేరు, ఇప్పుడు కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనేగా అన్నది రెండో వాదన. నిజమే. కానీ కాన్పయిన బాలింత కొద్ది రోజుల్లో ఇంటికే వస్తుంది.

ఒక మాట దాచకూడదు. 28 వారాల లోపు పుట్టిన పసికందుకు గడ్చిరోలి పద్ధతి చాలదు. ఊపిరితిత్తులు పండవు. ఊపిరితిత్తులు తెరుచుకునేలా చేసే సర్ఫాక్టెంట్ మందు, ఊపిరికి సాయపడే సీపాప్ మెషీన్, రాత్రంతా కళ్లార్పకుండా చూసే నర్సు కావాలి. మెషీన్ ఒక్కటి పెట్టినా పని కాదు. కొలత లేకుండా ఆక్సిజన్ ఇస్తే కంట్లోని రెటీనా పొర దెబ్బతిని చూపే పోవచ్చు, అందుకే కంటి పరీక్ష తప్పనిసరి. చెన్నై ప్రభుత్వాసుపత్రిలో 1996లో నెలలు నిండకుండా పుట్టిన ఓ పాపకు ఆ పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు, చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల పరిహారం ఇప్పించింది. ఎస్ఎన్‌సీయూ ప్రారంభోత్సవాల్లో ఈ కేసు ఎవరూ గుర్తుచేయరు.

ఇంత చిన్న పిల్లలు బతికి బయటపడితే తర్వాతి నెలలు ఎవరి చేతిలో? మళ్లీ ఆశా చేతిలోనే. 2023లో తెలంగాణ ఆశాలు 18 వేల స్థిర వేతనం కోసం సమ్మె చేసినప్పుడు, వాళ్లు చేసే పని ఏమిటన్న ప్రశ్న ఒకటి వినిపించింది. యూనిట్ నుంచి కిలోన్నర బరువుతో ఇల్లు చేరిన బిడ్డ పాలు మానేస్తే, మొదట కనిపెట్టేది ఆమే. చేతిలో త్రాసు ఉంటుంది, థర్మామీటర్ ఉంటుంది. ఇంజెక్షన్ మాత్రం ఏఎన్ఎం దగ్గర, వాగు అవతల.